నూట పన్నెండు టమాటా మొక్కలు

బఫెలోలో మే నెలని నమ్మకూడదు.
పగలు చొక్కా విప్పిస్తుంది,
రాత్రి సరస్సు మీదుగా వచ్చి గొంతు పిసుకుతుంది.

మూడిళ్ళు కాలిపోయిన స్థలం మాది.
తవ్వితే ఇప్పటికీ
గాజు పెంకులు, ఓ తలుపు పిడి, బొమ్మకారు చక్రం.
నేలలో సీసం ఉందని పరీక్షలో తేలింది గనక
చెక్కపెట్టెల్లో కొత్త మట్టి పోసి పండిస్తాం.
వేసవికి పద్నాలుగు మంది పిల్లలు,
గంటకింత జీతం, ఓ జత చేతి తొడుగులు,
ఆలస్యమైతే పద్దులో ఎర్ర గీత.
పద్దు రాసేది నేను.

మార్క్వెల్‌కి పదిహేనేళ్ళు.
చెవుల్లో పాట, కనుబొమల దాకా టోపీ.
వానపాముని చూసి వెనక్కి గెంతి,
గెంతలేదని మధ్యాహ్నం దాకా వాదించినవాడు.
వాడి వంతు వచ్చిన రాత్రి
ప్లాస్టిక్ గుడారం తలుపు వేయడం మరిచాడు.

తెల్లారేసరికి
నూట పన్నెండు టమాటా మొక్కలు
ఉడికించిన ఆకుకూరలా తలలు వేలాడేశాయి.

ఎవరూ తిట్టలేదు. వాడికి అదే కష్టమైంది.
ఒడెస్సా, ముప్పయ్యేళ్ళు సిటీబస్సు నడిపిన మనిషి,
నా చేతిలోంచి పుస్తకం లాక్కుని వాడికిచ్చింది.
"నువ్వే రాయి. ఎన్ని పోయాయో, ఎందుకో."
వాడు రాశాడు:
112. తలుపు.
కాసేపాగి, చీమ తలకాయంత అక్షరాల్లో: నేను.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
ఆ సామెత మీద నాకెప్పుడూ అనుమానమే.
టమాటాని వంచేదేముంది?
పక్కన కర్ర పాతి
వదులుగా ఓ గుడ్డపేలిక చుడితే చాలు.
బిగిస్తే కాడ తెగుతుంది.

బుధవారాలు గుండ్రంగా కూర్చుంటారు.
ఒకరి గురించి ఒకరు ముఖం మీదే చెప్పుకోవాలి.
యాదియెల్ అన్నాడు:
"నువ్వు ఎరువు బస్తా రెండు మోస్తావ్.
ఇచ్చిన మాట మాత్రం సగం దారిలో దింపేస్తావ్."
మార్క్వెల్ టోపీ ఇంకా కిందికి లాక్కున్నాడు.
గురువారం అందరికంటే ముందొచ్చాడు.

మళ్ళీ విత్తారు. వెనకబడ్డ పంట.
జూలైలో నో ఎ ముత్ వాళ్ళ అమ్మమ్మ వచ్చింది,
థాయ్ సరిహద్దు శిబిరంలో ఇరవయ్యేళ్ళు గడిపినావిడ,
ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.
గోంగూర పెట్టె ముందు గొంతుక్కూర్చుని
మార్క్వెల్ చేతి మీద చిన్నగా ఒకటి వేసింది.
అలా పీకకు, గోటితో గిల్లు.
వాడు గిల్లాడు. ఓ ఆకు నోట్లో వేసుకున్నాడు.
పులుపుకి కళ్ళు మూతపడ్డాయి.
పళ్ళులేని ఆవిడ నవ్వి ఏదో అంది,
మనవరాలు తనూ నవ్వింది గానీ
ఏమందో చెప్పలేదు.

ఆగస్టు శనివారం, సంత.
తూకం దగ్గర వాడు.
వరుసలో ఓ తల్లి, చంకలో బిడ్డ,
గుప్పిట్లో నాలుగు మడతలేసిన
ప్రభుత్వపు ఆహార కూపన్లు.
ఇవ్వాలా, వెనక్కి తిరిగిపోవాలా అన్నట్టు నిలబడింది.
ఆ కాగితాల రంగు వాడికి తెలుసు.
వాళ్ళమ్మ వాటిని పర్సులో అట్టడుగున దాస్తుంది.
సంచీ అందిస్తున్నట్టు చెయ్యి చాచి
వెనకవాళ్ళకి కనబడకుండా
అరచేతి కిందికి తీసుకున్నాడు.
"ఇంకో రెండేస్తున్నా. పగిలినవే, ఎవరూ కొనరు."

పగల్లేదు.
నేను చూశాను, నున్నగా, నిండుగా ఉన్నాయి.

సాయంత్రం లెక్కలో అరపౌండు తేడా.
ఎర్ర పెన్ను మూత తీశాను,
ఎందుకో మళ్ళీ పెట్టేశాను.
వాడప్పటికే గుడారం దగ్గరున్నాడు.
గాలాడని ఆ ఉక్కలో
వేయక్కర్లేని తలుపు వేసి,
పడిందో లేదోనని
రెండోసారి లాగి చూస్తూ.